సరే అనండి అత్తయ్యా

“ఇది పేలదు కదా?” అన్నాను.

“అమ్మా, ఇంకా కరెంటే పెట్టలేదు,” అంది మా అమ్మాయి స్టూలు మీద నుంచి.

కరెంటు పెట్టాక అడిగి ఏం లాభం? అందుకే ముందే అడిగాను. స్టూలు కాళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, పేలితే ముందు ఎవరిని లాక్కుని ఎటు పరుగెత్తాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. అది పేలలేదు. దాంతో నాకు భయం ఇంకొంచెం పెరిగింది.

మా అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. దుకాణం వారు పాతబడిందని మూలన పెట్టిన కంప్యూటరు పెట్టెను అడిగి తెచ్చి, హాల్లో బట్టల బీరువా మీదికి ఎక్కించింది. అందులో ‘మనదే’ అనే సాఫ్ట్‌వేరు వేసింది. ఎవరెవరి ఫోన్లలోనో చెల్లాచెదురుగా పడి ఉన్న ఇంటి వీడియోలు, ఫోటోలు, పాటలు అన్నీ ఆ పెట్టెలో చేరిస్తే, ఎప్పుడు కావాలంటే అప్పుడు టీవీలో పెట్టుకుని చూసుకోవచ్చు. ఇలాంటి పెట్టె మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. లేకపోతే త్వరలోనే వస్తుంది, తొందరపడకండి.

ఆ మొదటి ఏడాది ‘మనదే’ చాలా వెనకబడి ఉండేది. మీట నొక్కితే వీడియో వచ్చేది. మళ్ళీ నొక్కితే ఆగేది. అంతకు మించి దానికి ఏమీ చేతనయ్యేది కాదు. మా పేర్లు అడగలేదు. పుట్టిన తేదీలు అడగలేదు. ఏమీ అడగకుండా పని చేసిపెట్టే వాళ్ళను నేను నమ్మను.

“దీని వెనక ఏదో ఉందండీ,” అనేదాన్ని మా ఆయనతో.

“గోడ ఉంది,” అనేవారు ఆయన.

ఆ సాఫ్ట్‌వేరును ముగ్గురు స్నేహితులు తమ ఇళ్ళ వీడియోలు తాము చూసుకోవడానికి తయారుచేసి, పోనీ నలుగురికీ పనికొస్తుందని ఊరికే ఇచ్చేశారట. ముగ్గురి ఫోటో తెర మీద ఒక మూల ఉండేది. ముగ్గురూ సన్నగా, నిద్ర చాలని ముఖాలతో ఉండేవారు. కొంతకాలానికి దాన్ని ఒక పెద్ద సంస్థ కొనుక్కున్నది. ఆ మూల ఇప్పుడు ఒకే ఒక పెద్దమనిషి ఫోటో ఉంటుంది. ఆయన సన్నగా ఉండరు. బాగా నిద్రపోతారని చూడగానే తెలుస్తుంది.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ ముప్పై ఒక్క సంవత్సరాలు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పిన మనిషి. గరగరమనే ఆ గొంతు వినగానే జనం మూటలెత్తుకుని పరుగెత్తేవారు. రిటైరయ్యాక ఆ పరుగంతా నా ఒక్కదాని వంతుకొచ్చింది. అలాంటి మనిషి ఒక ఉదయం స్నానాల గదిలో పడిపోయారు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. నెల తిరిగేసరికి కాలు వచ్చింది, చెయ్యి వచ్చింది. మాట మాత్రం రాలేదు.

గ్యాసు లీకవుతుందని, పైకప్పు పెచ్చులు ఊడిపడతాయని, మా అమ్మాయి ఎక్కిన ఆటో బోల్తాపడుతుందని, ఇలా అన్నిటికీ నేను ముందుగానే భయపడి పెట్టుకున్నాను. మా అత్తగారు నన్ను తిట్టడం మానేస్తారని భయపడాలన్న తెలివి మాత్రం నాకు లేకపోయింది.

ఆస్పత్రిలో మాట పోయినవారికి మళ్ళీ మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ పరీక్షలన్నీ చేసి, “దీనికి మందు లేదమ్మా. ఆవిడ గొంతు ఆవిడకే వినిపించాలి. పాత వీడియోలున్నాయా? రెండుపూటలా ఒకటి పెట్టండి. అది అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడగండి. అడిగి మీరు నోరు మూసుకోవాలి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టాలి. ఆవిడ బదులు మీరే జవాబు చెప్పేశారనుకోండి, ఆవిడ ఇంక ఎప్పటికీ చెప్పరు,” అంది.

“ఇరవై దాకానా?” అన్నాను.

“నోరు మూసుకునా?” అన్నారు మా ఆయన నా వైపు తిరిగి.

పెట్టెలో ఆవిడ మాట్లాడే వీడియోలు ఆరే ఉన్నాయి. మిగిలినవాటిలో ఆవిడ కంటే కెమెరాకు అడ్డొచ్చిన మా ఆయన బొటనవేలే ఎక్కువ కనిపిస్తుంది. ఆ ఆరింటిలో ఒకటి మేడ మీద బట్టల వీడియో. వాన మొదలవుతున్నా నేను ఆరేసిన బట్టలు తీయలేదని నాలుగు నిమిషాలపాటు, మధ్యలో ఊపిరి పీల్చుకోకుండా ఆవిడ నన్ను దులిపిన దులుపు అది. మా అమ్మాయి సరదాకి తీసింది. పందొమ్మిదో రోజున ఆ వీడియో చూస్తుండగా మా అత్తగారి పెదవులు కదిలాయి. తెర మీద ఏ తిట్టు వస్తుంటే ఆ తిట్టుకు సరిగ్గా కదిలాయి. అయ్యాక, “అత్తయ్యా, బట్టలు తీయనా?” అని అడిగి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదిహేడు దగ్గర ఆవిడ గొంతులో ఏదో గరగరలాడింది. పద్దెనిమిది దగ్గర నేను భోరుమన్నాను. గరగర ఆగిపోయింది.

“దారిలో పడ్డారు. ఆ వీడియో మాత్రం ఒక్కపూట కూడా మానకండి. మీరు ఏడవకండి,” అంది డాక్టరమ్మ.

సరిగ్గా ఆ వారంలోనే సంస్థ వారు మాకు అందించే సేవలను మెరుగుపరచడానికి పూనుకున్నారు.

ముందుగా ‘మీ భద్రత కోసం’ అనే అక్షరాలు తెర నిండా వచ్చాయి. ఈ ఇంట్లో నా భయాన్ని ఏనాడూ ఎవరూ లెక్కచేయలేదు. ముక్కూ మొహం తెలియని సంస్థ లెక్కచేసింది. నాకు కళ్ళు చెమర్చాయి. మా ఇంట్లో, మా బీరువా మీద, మా పెట్టెలో ఉన్న మా అత్తగారిని మేము చూడవచ్చునో కూడదో ఇకమీదట ముందుగా సంస్థ వారిని అడగాలి. వారు ఆలోచించి ఆరంకెల కోడు ఒకటి పంపుతారు. ఆ కోడు మా అమ్మాయి ఫోనుకు వెళుతుంది. మా అమ్మాయి దుకాణంలో ఉంటుంది.

“కోడు వచ్చిందా?” అని ఫోను చేసేదాన్ని.

“అద్దం అరగదీస్తున్నానమ్మా. చెయ్యి జారితే పోతుంది, ఒక్క నిమిషం.”

“చెయ్యి జారిందా? ఏ చెయ్యి?”

“నాలుగు, ఏడు, రెండు...”

“ఎన్ని కుట్లు పడ్డాయే?”

“అమ్మా, నేను చెప్పేది కోడు!”

ఇంతలో ఆ కోడుకు కాలం చెల్లిపోయేది.

కోడు గండం గడిచాక, ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరికి ఎన్నేళ్ళో నమోదు చేయమన్నారు. మా ఆయన నీటి మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. అంకెల విషయంలో ఆయనకు తిరుగులేదని ఆఫీసంతా అంటుంది. మా అత్తగారు పుట్టిన సంవత్సరం దగ్గర తెర మీద ఒక చక్రం వచ్చింది. ఈ సంవత్సరం నుంచి వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాలి. ఆవిడకు డెబ్భై ఒకటి. మా ఆయన ఆరు దాకా తిప్పేసరికి బొటనవేలు పట్టేసింది, వదిలేశారు. వెంటనే తెర మీదికి ఒక కుందేలు వచ్చి చెయ్యి ఊపింది. ఆ రోజు నుంచి మా అత్తగారు ఆరేళ్ళ పాప.

బట్టల వీడియో నొక్కితే, ‘ఇందులో ఒక పెద్దావిడ ఆగ్రహంగా మాట్లాడుతున్నారు, పసిమనసులకు తగదు’ అని వచ్చింది. ఆ పెద్దావిడే ఈ పసిమనసు అని నిరూపించడానికి ఎక్కడా వీలు లేదు. వయసు సవరించాలంటే పాప తల్లి గాని తండ్రి గాని అనుమతి ఇవ్వాలి. వారిద్దరూ పోయి చాలాకాలమైంది. చివరకు మా ఆయనే తండ్రినని రాసి సంతకం చేశారు. కన్నతల్లికి తండ్రి అయిన గౌరవంతో ఆయన ఆ రోజంతా ఆవిడ ముందు కొంచెం గంభీరంగా తిరిగారు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకు మాట అవసరం లేదు.

వయసు తిరిగొచ్చేసరికి తెర రూపురేఖలే మారిపోయాయి. మావాళ్ళ ముఖాలే పై వరుసలో ఉంటే మాకు విసుగు పుట్టగలదని సంస్థ వారు దయతో గ్రహించారు. పైన ‘మీ కోసం’, దాని కింద ‘మీలాంటి వారి కోసం’, దాని కింద ‘మీ పక్కింటివారు చూస్తున్నవి’. పక్కింటివారు ఏం చూస్తున్నారో నాకు ఇరవై ఏళ్ళుగా తెలియలేదు, ఆ రోజు తెలిసింది. మా అత్తగారు తొమ్మిదో వరుసలో, ‘ఇతరములు’ అనే చోట ఉన్నారు. ఆవిడ కోసం వరుసలు దిగుతూ పోతుంటే నాలుగో వరుసలో మా ఆయన జారిపోయారు. అక్కడ కుస్తీల సీరియల్ ఉంది. నేను కప్పులు కడిగి వచ్చేసరికి రెండు భాగాలు అయిపోయాయి.

“అమ్మ కూడా శ్రద్ధగా చూస్తోంది,” అన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు.

మూడో భాగంలో ఒక మల్లయోధుడు ఇంకొకణ్ణి ఎత్తి గాలిలోకి విసిరాడు. ఎగిరినవాడు గాలిలో ఉండగానే తెర మీదికి ఒక ప్రశ్న వచ్చింది: ‘మీ వీడియోల క్షేమం కోసం వాటన్నిటినీ మా సొంత మూటలో కట్టి భద్రపరచమంటారా?’ ఆ మనిషి కింద పడతాడో లేదోనన్న ఆత్రంలో మా ఆయన సరే నొక్కేశారు. తెర ఆగి ఉంది గనుక నింపాదిగా చదువుకున్నా వాడు గాలిలోనే ఉండేవాడు. కానీ ఆ క్షణాన అంత ఆలోచన ఎవరికి వస్తుంది? నిజం చెప్పండి, మీరు ఇంతవరకు ఎన్నిటికి సరే అన్నారో మీకు గుర్తుందా?

తరువాత ప్రకటనలు వచ్చాయి. సంస్థ వారికి సభ్యత తెలుసు. తిట్ల మధ్యలో ప్రకటన వేస్తే తిట్ల ఊపు చెడుతుందని ఆగేవారు. వీడియో అయిపోయి తెర ఊరకుండే సమయం మాత్రం వృథాగా పోతోందని వారికి తోచింది. “అత్తయ్యా, బట్టలు తీయనా?” అని నేను అడిగి, నోరు మూసుకుని, మనసులో ఒకటి, రెండు, మూడు అనేసరికి పరుపు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి ప్రత్యక్షమై, “మీకు నడుము నొప్పా?” అని అడిగేవాడు.

“అవునండీ,” అనేవారు మా ఆయన.

“మీరు మాట్లాడకూడదు!” అని నేను కసిరేదాన్ని.

“అది అమ్మ ప్రశ్నకి. ఇది పరుపు ప్రశ్న.”

ఈలోగా మా అత్తగారి గొంతులో ఏదైనా గరగరలాడిందో లేదో మాకు వినిపించేది కాదు. పరుపు పెద్దమనిషి మంచి గొంతున్నవాడు.

ఆ పై సోమవారం ఊళ్ళో రెండో వైపు ఉండే మా ఆడపడుచు ఫోను చేసింది. పలకరింపులు లేవు.

“వదినా, మా అమ్మ మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఆవిడ కోపంగా ఉన్న వీడియోనే పద్నాలుగుసార్లు పెట్టుకుని చూశావట. ఆవిడ నీకు అంత అన్యాయం చేసిందా?”

“పద్నాలుగని నీకెవరు చెప్పారు?”

“నాకే కాదు, అందరికీ వచ్చింది. ‘ఈ వారం మీ బంధువుల ఇంట్లో’ అని. నీ ఇష్టమైన వీడియో అదేనట. మా ఆయనకూ వచ్చింది, మా మామగారికీ వచ్చింది.”

నేను డాక్టరమ్మ, ప్రశ్న, ఇరవై లెక్క అన్నీ వివరించాను. అంతా విని, “అయితే అన్నయ్యకి నడుము నొప్పని కూడా రాశారు, అది నిజమేనా?” అంది.

ఇవన్నీ భరించాం. మా అత్తగారి పెదవులు అప్పటికీ కదులుతూనే ఉన్నాయి గనుక భరించాం. పరుపు పెద్దమనిషిని ఆపలేక టీవీ నోరే నొక్కేసి, నేను ఇరవై లెక్కపెట్టేదాన్ని. రెండుసార్లు గరగర వినిపించింది. ఒకసారి ‘వ’ లాంటి శబ్దం కూడా వచ్చింది. “ఇంకో పది రోజులు, ఎక్కువలో ఎక్కువ పదిహేను రోజులు,” అంది డాక్టరమ్మ. మా అత్తగారికి మాట వచ్చాక మొదట నన్ను ఏమని తిడతారోనని నేను లోలోపల ఎదురుచూడసాగాను.

ఏడో రోజు ఉదయం తెర మీద రంగుకాగితాలు రాలాయి. ‘అభినందనలు! మీ పాత వీడియోలలోని కరుకైన శబ్దాలను గుర్తించి, గొంతులను శుభ్రం చేశాము!’

బట్టల వీడియో మొదలైంది. మేడ అదే. బట్టలు అవే. మబ్బూ అదే. చెయ్యి చాపి వేలు చూపిస్తూ అరుస్తున్నది మా అత్తగారే. కానీ ఆవిడ నోటి నుంచి తేనె పూసినట్టు ఒక పాతికేళ్ళ అమ్మాయి గొంతు వచ్చింది. తిట్లు కూడా శుభ్రపడ్డాయి. “బుద్ధుందా నీకు?” అన్నచోట “దయచేసి గమనించగలరు” అని వినిపించింది. నాలుగు నిమిషాల వీడియో నలభై సెకన్లలో అయిపోయింది. చివర్లో సన్నని సంగీతం వచ్చింది.

మా అత్తగారు తెర వైపు చూశారు. చేత్తో తన గొంతు తడుముకున్నారు. తరువాత ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. మూడు రోజులైనా ఇటు తిరగలేదు. పెదవులు కదపలేదు. ప్రశ్న అడిగితే కళ్ళు మూసుకునేవారు. డాక్టరమ్మ వచ్చి చూసి, ఈసారి రోజుల లెక్క చెప్పలేదు. “ఆ పాత గొంతు ఎలాగైనా సంపాదించండమ్మా. వేరే గొంతు తనదేనని మెదడు ఒప్పేసుకుందంటే మనం చేసేదేమీ ఉండదు,” అని మాత్రం అంది. నేను ఇన్నేళ్ళు భయపడ్డ భయాలన్నీ ఒట్టి సాధన అని, అసలు భయం ఇదని అప్పుడు తెలిసింది.

మా అమ్మాయి సెలవు పెట్టి పెట్టె ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి చేతులు దులుపుకుని లేచింది.

“అసలు వీడియోలు మన పెట్టెలోనే ఉన్నాయమ్మా. ఎక్కడికీ పోలేదు.”

“మరి తియ్యి!”

“మూట కట్టేశారు. విప్పే తాళం వాళ్ళ దగ్గరుంది. నాన్న సరే అన్నారట.”

“నేనా? ఎప్పుడు?” అన్నారు మా ఆయన. పాపం, ఆయనకు ఆ మల్లయోధుడు క్షేమంగా దిగిన సంగతి ఒక్కటే గుర్తుంది.

సంస్థ వారికి మొర పెట్టుకున్నాం. వారి తరఫున ‘సహాయకుడు’ అనే యంత్రం రేయింబవళ్ళు సిద్ధంగా ఉంటుంది. మా గోడు పూర్తిగా విని, ‘మీ బాధ మాకు అర్థమైంది. మీ బాధ తీరినందుకు సంతోషం. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని అడిగింది. ఏమీ ఇవ్వకపోతే కోపం వస్తుందేమోనని భయపడి నేను ఐదూ ఇచ్చాను.

ఆ ఆదివారం సాయంత్రం టీవీ దానంతట అదే వెలిగింది. మూల ఫోటోలో ఉండే పెద్దమనిషి, అంటే సంస్థ అధ్యక్షులవారు, వేదిక మీద నిలబడి ఉన్నారు. మీట నొక్కినా ఆగలేదు.

“ప్రియమైన కుటుంబసభ్యులారా! మిమ్మల్ని వినియోగదారులని పిలవడానికి నాకు నోరు రాదు. మీరు నా కుటుంబం. కుటుంబంలో ఒకరి వస్తువు ఒకరు తీసుకునేటప్పుడు అడుగుతారా? అడగరు! అందుకే మేమూ అడగడం తగ్గిస్తూ వస్తున్నాము. ఒకనాడు మనిషి తన జ్ఞాపకాలను తానే మోసుకుని తిరిగేవాడు. ఎంత బరువు! ఎంత అలసట! నేడు ఆ బరువు మా భుజాల మీద ఉంది. మోసేవారికి ఎటు మోసుకుపోవాలో నిర్ణయించే స్వేచ్ఛ ఉండవద్దా? మీ నాయనమ్మ గొంతు కరుకుగా ఉండటం మీ తప్పు కాదు. దానిని అలాగే వదిలేస్తే మా తప్పవుతుంది. అయినా కొందరు సభ్యులు పాత గొంతులే కావాలని కోరుతున్నారు. మేము వినే సంస్థ. వారి కోసం ‘మన కుటుంబ ఒప్పందం’ తెచ్చాము. ఇందులో ఇంటిల్లిపాదీ ఇష్టపూర్వకంగా చేరాలి. చేరనివారి మూటలు వచ్చే ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు, వారి మంచికోసమే, తొలగించబడును!”

చప్పట్లు మోగాయి. అవి మా పెట్టెలోంచే మోగాయి. మా ఆయన కూడా కొట్టారు.

“ఎందుకండీ కొడుతున్నారు?”

“అందరూ కొడుతుంటే మనం ఊరుకుంటే బాగుంటుందా?”

ఒప్పందం మా అమ్మాయి చదవబోయింది. నూట పన్నెండు పేజీలు. నాలుగో పేజీలో ఇంట్లో మాట్లాడుకునే మాటలన్నీ సంస్థ వారు వినవచ్చునని ఉంది. తొమ్మిదో పేజీలో మా గొంతులు వారికి నచ్చిన చోట వాడుకోవచ్చునని ఉంది. “అమ్మా, రేపు పరుపులు అమ్మేది నానమ్మ గొంతే కావచ్చు,” అంది. అక్కడితో చదవడం ఆపించాను. చదివిన కొద్దీ భయం పెరుగుతుంది, చదవకపోతే సంతకం తేలిక. పెద్ద చదువులు చదవకపోవడం నాకు అక్కరకొచ్చింది.

వచ్చే ఆదివారం రానే వచ్చింది. సాయంత్రం ఐదు గంటలకు అందరం హాల్లో చేరాం. మా అత్తగారిని కుర్చీతో సహా గోడ వైపు నుంచి తెర వైపు తిప్పాం. రిమోటులోని మైకులో ఒక్కొక్కరు తమ సొంత గొంతుతో సరే అనాలి. మా ఆయన మీటరు రీడింగు చదివినట్టు స్పష్టంగా అన్నారు. మా అమ్మాయి పళ్ళు కొరుకుతూ, “నానమ్మ కోసం,” అని ముందు చెప్పి, తరువాత సరే అంది. నా గొంతు వణకడంతో మూడుసార్లు అనవలసి వచ్చింది. అలా నేను మూడు ఒప్పందాలకు ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని ఇప్పటికీ అనుమానం.

‘ధన్యవాదాలు. నాలుగో సభ్యురాలు చెప్పవలసి ఉంది.’

“ఆవిడకి మాట రాదండీ,” అన్నాను రిమోటుతో.

“రిమోటుని అండీ అంటావేంటమ్మా?”

‘క్షమించండి. ఆ జవాబు మా దగ్గర లేదు. ఐదు సెకన్లలో మళ్ళీ చెప్పండి.’

సహాయకుణ్ణి అడిగాం. సభ్యురాలు మాట్లాడలేని పక్షంలో, ఆవిడ గతంలో సరే అన్న వీడియోను మైకు ముందు వినిపిస్తే చాలునని ఎంతో ఓర్పుగా చెప్పింది. ఆ వీడియోలు మూటలో ఉన్నాయి. మూట విప్పాలంటే ఆవిడ సరే అనాలి. పోనీ విప్పినా లాభం లేదు, ఆ ఆరు వీడియోల్లో ఆవిడ ఎవరితోనూ సరే అన్నది లేదు. నా కాపురమంతా తిరగేసినా ఒక్కసారి దొరుకుతుందేమో అనుమానమే.

“నేను నానమ్మలా అంటాను,” అని మా అమ్మాయి గొంతు బొంగురు చేసి సరే అంది.

‘ఇది రెండో సభ్యురాలి గొంతు. ఒక హెచ్చరిక నమోదైంది.’

పోలీసులు వస్తే తలుపు ఎవరు తీయాలి? ఐదున్నర దాటింది. ఇక అందరం మా అత్తగారి మీద పడ్డాం.

“అమ్మా, రెండక్షరాలేనమ్మా!” అన్నారు మా ఆయన.

“నానమ్మా, స... స... అను చాలు, మిగతాది మిషను పట్టుకుంటుంది.”

“అత్తయ్యా, నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఒక్కసారి సరే అనండి.”

మాట తెప్పించే వీడియో కావాలి, అందుకోసం ముందు మాట్లాడండని మాట రాని మనిషిని ముగ్గురం కలిసి బతిమాలాం. ఇందులో తేడా ఉన్నట్టు మాకెవరికీ తోచలేదు. మైకు ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని ఆవిడ నోటి దగ్గర పెట్టాం. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంటే మైకు కూడా ఆ పక్కకు తిప్పాం. చివరకు నేను అలసిపోయి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాను. అప్పుడు డాక్టరమ్మ చెప్పింది గుర్తుకొచ్చింది. ఇంత గొడవలోనూ ఆవిడను మేము అను అను అని అన్నామే గాని, అడగలేదు.

“ఏమండీ, ఊరుకోండి. నువ్వూ ఊరుకోవే,” అన్నాను. టీవీ నోరు నొక్కాను.

“అత్తయ్యా, దీనికి మీరు ఒప్పుకుంటారా?”

నోరు మూసుకున్నాను. ఒకటి. రెండు. మా ఆయన ఏదో అనబోతే మా అమ్మాయి ఆయన మోచెయ్యి గిల్లింది. పది. తెర మీద పరుపు పెద్దమనిషి వచ్చి, శబ్దం లేకుండా నోరు కదిపి వెళ్ళిపోయాడు. పదిహేడు. ఇరవై. ఇరవై దాటితే ఏం చేయాలో డాక్టరమ్మ చెప్పలేదు. అందుకని లెక్క ఆపలేదు. నలభై మూడు దగ్గర ఆవిడ గొంతులో గరగరలాడింది. నేను ఏడవలేదు. పెదవులు తెరుచుకున్నాయి.

“వద్దు.”

ఎనిమిది నెలల తరువాత మా ఇంట్లో వినిపించిన ఆవిడ మొదటి మాట అది. గరగరమనే ఆ పాత గొంతే, ఎవరూ శుభ్రం చేయనిది. మా ఆయన చేతిలోంచి రిమోటు జారి కింద పడింది. మా అమ్మాయి నానమ్మ మెడ కావలించుకుంది. నేను నేల మీద నుంచి లేవలేక అక్కడే ఆవిడ పాదాలు పట్టుకున్నాను. కింద పడ్డ రిమోటు ఆ మాట వినే ఉంటుంది.

‘క్షమించండి,’ అన్నది తెర. ‘ఆ మాట మా జాబితాలో లేదు. సరే అనండి. లేదా, తరువాత సరే అనండి. మీకు ఇంకా రెండు నిమిషాల సమయం ఉంది.’

అంకెలు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. నూట ఇరవై. నూట పందొమ్మిది. నేను రిమోటు అందుకుని ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

“ఆ మాట కాదు అత్తయ్యా, సరే అనండి. త్వరగా. అనకపోతే వీడియోలు పోతాయి. వీడియోలు పోతే మీకు మాటెలా వస్తుంది?”

ఈ మాట మా ఆయన అన్నారని రాద్దామనుకున్నాను. అన్నది నేనే. మా ఆయన అవునవునని తల ఊపారు. మా అమ్మాయి కూడా ఊపింది. మీరు ఆ గదిలో ఉంటే మీరూ ఊపేవారు.

ఆవిడ నా వైపు చూశారు. కొడుకు వైపు చూశారు. మనవరాలి వైపు చూశారు. తెర మీద అంకెలు తరుగుతూ పోయాయి. ఆవిడ తొందరపడలేదు, మళ్ళీ నా వైపే తిరిగి చాలాసేపు అలాగే చూశారు. ఈసారి ఎవరమూ లెక్కపెట్టలేదు.

“వద్దన్నానా లేదా?” అన్నారు.